నేరుగా గదికి వెళ్ళకు

కాలేజీ వాళ్ళు ఒక ఫారం పంపారు.
"గత నెల రోజుల్లో
పనులు మీ చెయ్యి దాటిపోతున్నాయని
ఎన్నిసార్లు అనిపించింది?"
అసలు లేదు. అరుదుగా. అప్పుడప్పుడు. తరచు.
నాలుగు గళ్ళు,
కొత్త దుప్పటి పరిచిన నాలుగు మంచాల్లా.

ఔలులో నవంబరు. మూడున్నరకే చీకటి.
పదహారో గదిలో తౌనో గారు
తెల్లారగట్ల పోయారు.
నిన్ననే నాకో మాట నేర్పారు, ర్యాంతా అని:
వానా కాదు మంచూ కాదు,
రెండూ కలిసి మొహాన కొట్టేది.
"మీ దేశంలో లేదూ? అదృష్టవంతులు" అని
దగ్గుకీ దగ్గుకీ మధ్య నవ్వారు.
ఆ నవ్వు పక్కనే
నేను ఊపిరి లెక్క రాసుకున్నాను. ఇరవై ఎనిమిది.

రైయా కిటికీ తెరిచింది.
చలిగాలి లోపలికొచ్చి
చుట్టపుచూపుగా నిలబడింది.
ఎందుకని నేనడగలేదు.
టవలు పిండుతూ, నా వైపు చూడకుండా
తనే అంది: "వెళ్ళేవాళ్ళకి దారి."

లాబ్‌లో ప్లాస్టిక్ బొమ్మకి
ఎన్నిసార్లు ఒళ్ళు తుడిచానో.
బొమ్మ చెయ్యి ఇంత బరువుండదు.
బొమ్మ చెవి వెనక నురగ మిగిలితే
ఒక మార్కు పోతుంది, అంతే.
ఇక ఆయనకి వేడేమిటి, చల్లనేమిటి!
అయినా మోచెయ్యి ముంచి చూసి మరీ
గోరువెచ్చగా కలిపాను.

"కాఫీ తాగిరా, పది నిమిషాలు" అంది రైయా.
పదకొండో నిమిషంలో
పన్నెండో గదిలో ఇన్సులిన్.

మా ఇలోయిలోలో అమ్మమ్మ అనేది,
చావు చూసిన కాళ్ళతో నేరుగా ఇంటికి రాకే జోవెలిన్,
ఎక్కడో ఒకచోట ఆగు, ఒళ్ళు దులుపుకో,
లేకపోతే వెంట వస్తుంది.
చేతులు దులుపుకోవడం వేరు,
ఒళ్ళు దులుపుకోవడం వేరు, అని కూడా అనేది.
నాకా నమ్మకాలు లేవు.
ఫిజియాలజీలో ఐదుకి ఐదు వచ్చినదాన్ని.
నా బస్సు వచ్చింది.
తలుపులు తెరుచుకుని, కాసేపు చూసి, మూసుకుని వెళ్ళిపోయింది.

ఈ ఊళ్ళో ఎక్కడ ఆగాలి?
సూపర్‌మార్కెట్‌లో
ఖాళీ సీసాలు మింగే యంత్రం పక్కన నిలబడ్డాను.
ఎవరో ముసలాయన ఒక్కొక్కటే అందిస్తున్నాడు,
అది ఒక్కొక్కదానికీ లెక్క చెబుతోంది.
పగిలిన సీసాని మాత్రం వెనక్కి తోసేసింది.
ఆయన దాన్ని జాగ్రత్తగా
మళ్ళీ సంచిలోనే పెట్టుకున్నాడు.
అప్పుడొచ్చింది నాకు
కళ్ళల్లో ర్యాంతా.

బుధవారం, హాస్టల్ సౌనాలో ఆడవాళ్ళ వంతు.
పై మెట్టు మీద ముగ్గురం.
చెబెట్ అంది: "మా కెరిచోలో చావింటి నిండా జనమే,
టీ గిన్నె పొయ్యి దిగదు.
ఇక్కడ గోడలు పల్చన కదా,
అందుకే ఏడుపొస్తే గట్టిగా నవ్వేస్తాను."
ఆ నవ్వుకి రెండుసార్లు
నేను గోడ మీద కొట్టాను, చదువుకోనివ్వవా అని.

సయ్మి ఎప్పుడూ మాట్లాడదు.
వాళ్ళ నాన్నా అంతేనట, వాళ్ళ ఊరే అంతట.
గరిటెతో రాళ్ళ మీద నీళ్ళు పోసింది.
సుయ్‌మన్న ఆవిరి చాటున
ఒక వాక్యం: మూడు వారాలుగా నిద్ర లేదు.
మళ్ళీ పోసింది. ఇంకోటి: మందుల గదిలోకి వెళ్తే చేతులు వణుకుతున్నాయి.
మూడోసారి పోసినప్పుడు అన్నది
నాకు సరిగా వినపడలేదు.
చెబెట్‌కి వినపడింది. గరిటె తీసేసుకుంది,
మెల్లగా, నిద్రపోయే పిల్ల చేతిలోంచి బొమ్మ తీసినట్టు.
"మళ్ళీ చెప్పు" అంది. "చప్పుడు లేకుండా."

రాత్రి ముగ్గురం ఒకే గదిలో పడుకున్నాం.
ఫారం ఇంకా నింపలేదు.
రేపు పదింటికి కాలేజీ డాక్టరు దగ్గర సయ్మి పేరుంది.
"ఒక్కదాన్నే వెళ్తాలే" అంటోంది.
కుదరదన్నాం.
క్లాసు పోతే పోనీ, వెంట వస్తాం.
చెబెట్ అప్పుడే
సంచిలో మూడు అరటిపళ్ళు పెట్టేసింది.